లైను చివర మాట ఎక్కడ విరవాలి?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి విశాఖపట్నం పాఠకుల ప్రశ్నల్లో చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. తెలుగు వెబ్ పేజీని ఫోన్లో తెరిస్తే పొడుగు మాటలు లైనులో ఇమడవు, మరి వాటిని ఎక్కడ, ఎలా విరవాలి అన్నదే ఆ సంగతి. అందుకని వాటన్నిటికీ ఒక్కచోటే జవాబులిస్తున్నాం. కోడ్ మాటలను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాం. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోవాలి.

ప్రశ్న: సింహాచలం వచ్చే యాత్రికుల కోసం ఒక సమాచార పేజీ తయారుచేస్తున్నాను. రెండు అంచులూ సమంగా ఉండాలని పేరాలకు జస్టిఫై పెడితే ఫోన్లో మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు వస్తున్నాయి. లైను చివర మాటను గీతతో విరిచే హైఫన్స్ అనే సీఎస్‌ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్) ప్రాపర్టీకి ఆటో అని ఇచ్చాను, అయినా ఏ మార్పూ లేదు. తప్పు ఎక్కడుంది?
– వెబ్ డిజైనర్, ద్వారకానగర్

జవాబు: మొదట పేజీ సోర్సు తెరిచి పైనున్న హెచ్‌టీఎంఎల్ ట్యాగు చూడండి. మీరు చెప్పిన లక్షణాలకు నూటికి తొంభైపాళ్లు కారణం అక్కడే ఉంటుంది. రెడీమేడ్ థీమ్ తీసుకున్నవాళ్ల పేజీల్లో, పేజీ భాష ఏదో చెప్పే ల్యాంగ్ అట్రిబ్యూట్‌లో ఇంగ్లిష్ కోడే ఉండిపోతుంది. లోపలున్న లిపిని చూసి ఇది తెలుగని బ్రౌజర్ తనంతట తాను తేల్చుకోదు. మాట ఎక్కడ విరవొచ్చో చెప్పే నమూనాలను మీరు చెప్పిన భాషకే వెతుకుతుంది. ఇంగ్లిష్ నమూనాలతో తెలుగు మాట ఎక్కడా విరగదు కాబట్టి మీ ఆటో ఉన్నా లేనట్టే. ల్యాంగ్ విలువను టీ, ఈ అనే రెండక్షరాల కోడ్‌గా మార్చండి.

వర్డ్‌ప్రెస్ వాడుతుంటే సెట్టింగ్స్‌లో జనరల్‌కు వెళ్లి సైట్ ల్యాంగ్వేజ్‌ను తెలుగు చేస్తే చాలు, థీమ్ సరిగ్గా రాసినదైతే ట్యాగు దానంతటదే మారుతుంది. అడ్మిన్ పేజీలు కూడా తెలుగైపోతాయని వెనకాడక్కర్లేదు. మీ యూజర్ ప్రొఫైల్లో భాషను విడిగా ఇంగ్లిష్‌గా ఉంచుకోవచ్చు. పేజీ మధ్యలో ఇంగ్లిష్ పేరా ఉంటే ఆ ఒక్క పేరాకూ ల్యాంగ్ ఇంగ్లిష్ అని పెట్టండి, దాని మాటలు దాని నమూనాల ప్రకారం విరుగుతాయి.

ట్యాగు సరిచేశాక కూడా కదలిక లేకపోతే చూడాల్సినవి మరో రెండు. విండోస్ కంప్యూటర్లో క్రోమ్‌కు ఆటో హైఫనేషన్ వచ్చింది 88వ వెర్షన్లో, అంటే 2021 జనవరిలో. అంతకన్నా పాతదైతే పనిచెయ్యదు. కొత్తదే అయినా ఈ నమూనాల డేటా ఇన్‌స్టాల్ చేసిన తర్వాత విడిగా దిగుతుంది. అడ్రస్ బార్లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, కాంపోనెంట్స్ అని కొట్టండి. వచ్చిన జాబితాలో హైఫనేషన్ అనే వరుస ఉంటుంది. దాని వెర్షన్ అన్నీ సున్నాలుగా ఉంటే డేటా ఇంకా రాలేదన్నమాట, కింద ఉన్న అప్‌డేట్ బటన్ నొక్కండి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన మెషీన్లో పరీక్షించి, కోడ్ తప్పేమోనని గంటల తరబడి వెతుక్కునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక లోపల జరిగేది తెలిస్తే ఎక్కడ ఏ తేడా వచ్చినా మీరే పట్టుకోగలరు. ఫ్రాంక్ లియాంగ్ 1983లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధనలోని పద్ధతే నేటికీ చాలాచోట్ల నడుస్తోంది. అక్షరాల మధ్య అంకెలు పెడతారు. ఒకే చోటికి రెండు మూడు నమూనాలు తగిలితే పెద్ద అంకే నెగ్గుతుంది. అది బేసి అయితే అక్కడ విరవొచ్చు, సరి అయితే విరవకూడదు. ఇంగ్లిష్‌కు ఇలాంటివి వేలల్లో కావాలి, ఎందుకంటే అక్కడ రాతకూ పలుకుబడికీ పొత్తు కుదరదు. తెలుగుకు ఒక చిన్న పట్టిక చాలు. టెక్ అనే అచ్చు సాఫ్ట్‌వేర్ వాళ్ల సంకలనంలో ఉన్న తెలుగు నమూనాలను తయారుచేసింది సంతోష్ తొట్టింగల్. ఆండ్రాయిడ్‌లోనూ తెలుగు నమూనాలున్నాయి. వాటి సారమిది: ప్రతి హల్లు ముందూ 1, ప్రతి గుణింతపు గుర్తు తర్వాతా 1, సున్నకూ విసర్గకూ ముందు 2, పొల్లుకు రెండు వైపులా 2.

మీ పేజీలోని సింహాచలం అనే మాటనే తీసుకోండి. 'సి' తర్వాత గుడి గుర్తు 1 ఇస్తుంది, కానీ వెంటనే ఉన్న సున్న 2 ఇస్తుంది. రెండు పెద్దది కాబట్టి 'సి'నీ సున్ననూ విడదీయడం కుదరదు. సున్న దాటాక 'హ' ముందు 1, అక్కడ విరవొచ్చు. అలా సిం-హా-చ-లం అని తేలుతుంది. రాష్ట్రం అన్నప్పుడు పొల్లులకు రెండు పక్కలా ఉన్న 2లు మొత్తం ఒత్తును గట్టిగా పట్టి ఉంచుతాయి. అందుకే రా-ష్ట్రం అని ఒక్కచోటే విరుగుతుంది. బళ్లో నేర్చుకున్న అక్షర విభజనే ఇది, అంకెల్లో రాశారంతే.

ఇదంతా అమర్చినా ఫోన్లో జస్టిఫై వద్దనే మా సలహా. 360 పిక్సెల్స్ వెడల్పు తెరమీద 18 పిక్సెల్స్ అక్షరాలతో లైనుకు నాలుగైదు తెలుగు మాటలు పడితే గొప్ప. అన్ని తక్కువ మాటల మధ్య మిగిలిన చోటంతా పంచాలంటే, మాట విరిచినా ఖాళీలు కనబడుతూనే ఉంటాయి. మామూలుగా ఎడమవైపు సర్ది ఉంచి, 600 పిక్సెల్స్ దాటిన తెరలకే మీడియా క్వెరీతో జస్టిఫై ఇవ్వండి. హైఫన్స్ ఆటో మాత్రం రెండు చోట్లా ఉంచండి. ఎడమ సర్దుబాటులో కూడా కుడి అంచు మరీ ఎగుడుదిగుడు కాకుండా అది కాపాడుతుంది.

ప్రశ్న: పొడుగు మాటలు బాక్సు బయటికి పోతున్నాయని వర్డ్-బ్రేక్‌కు బ్రేక్-ఆల్ పెట్టాను. బయటికి పోవడం ఆగింది కానీ 'రాష్ట్రం' అనే మాట ఒక లైనులో 'రాష్', కింది లైనులో 'ట్రం' అని వస్తోంది. ఫాంటు మార్చాలా?
– డీటీపీ సెంటర్, గాజువాక

జవాబు: ఫాంటు తప్పేమీ లేదు. బ్రేక్-ఆల్ అంటే మాట మధ్యలో ఎక్కడైనా సరే విరిచెయ్యమని చెప్పినట్టు. దానికి నమూనాలతో పనిలేదు, కంప్యూటర్ ఒక అక్షరంగా లెక్కగట్టే ముక్కల మధ్య తుంచుతుంది, హైఫన్ కూడా వెయ్యదు. యూనికోడ్ పాత నియమాల్లో 'ష్ట్ర' ఒకే ముక్క కాదు, ష్, ట్, ర అని మూడు. అందువల్ల 'రాష్' దగ్గరే కాదు, చోటును బట్టి 'రాష్ట్' దగ్గర కూడా విరిగి కింద 'రం' మిగులుతుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాలను కూడా ఒకే ముక్కగా లెక్కించమని చెప్పింది. కానీ చదివేవాళ్ల ఫోన్లన్నీ కొత్తవి కావు కదా.

బ్రేక్-ఆల్ తీసెయ్యండి. దాని బదులు ల్యాంగ్ తెలుగు, హైఫన్స్ ఆటో, వాటి వెనకాల జాగ్రత్తకోసం ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కు బ్రేక్-వర్డ్ ఇవ్వండి. ఈ మూడోది ఊరికే జోక్యం చేసుకోదు. లైనులో వేరే ఏ విరుపూ దొరకనప్పుడు, మాట మొత్తంగా లైను కన్నా పొడుగైనప్పుడే పనిలోకి దిగుతుంది. లెటర్-స్పేసింగ్ ఏమైనా ఇచ్చి ఉంటే తెలుగు పేరాల్లో అదీ సున్న చెయ్యండి. గుణింతాలూ ఒత్తులూ అల్లుకుని ఉండే లిపికి అది నప్పదు.

ప్రశ్న: తెలుగులో లైను చివర మాట విరిచినప్పుడు ఆ చిన్న గీత అవసరమా? పుస్తకాల్లో గీత లేకుండానే విరవడం చూశాను. వెబ్‌లో తీసెయ్యొచ్చా?
– అధ్యాపకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: తీసెయ్యొచ్చు. హైఫనేట్-క్యారెక్టర్ అనే ప్రాపర్టీకి ఖాళీ కొటేషన్ గుర్తులు ఇస్తే గీత పడదు, మాట విరుగుతుంది. క్రోమ్ 106, ఫైర్‌ఫాక్స్ 98, సఫారీ 17 నుంచి ఇది పనిచేస్తుంది.

తెలుగు అచ్చులో గీత పెట్టడమూ ఉంది, పెట్టకపోవడమూ ఉంది. అయినా తెరమీద గీత ఉంచమనే అంటాం. తెలుగు మాట విరిగితే మొదటి ముక్క చాలాసార్లు తనంతట తానే ఒక మాటలా నిలబడుతుంది. 'ఆలోచనలో పడవలసిన విషయం' అన్న వాక్యంలో లైను 'పడవ' దగ్గర ఆగిందనుకోండి. గీత లేకపోతే కళ్లు పడవనే చదివేస్తాయి, కింది లైనులో 'లసిన' తగిలాక మళ్లీ వెనక్కి రావాలి. 'రాలేదు'లో 'రా' దగ్గర ఆగినా అంతే. అచ్చు పుస్తకంలో ఇలాంటివి కంపోజిటర్‌ కంటో ప్రూఫు దిద్దేవారి కంటో పడతాయి. వెబ్ పేజీలో ప్రతి ఫోన్‌కూ లైను వేరే చోట తెగుతుంది, దిద్దడానికి ఎవరూ ఉండరు. ఆ పని గీతే చెయ్యాలి.

ప్రశ్న: 'కంప్యూటర్' అనే మాటలో చివరి 'ర్' ఒక్కటే కింది లైనుకు దిగిపోతోంది. చూడ్డానికి బాగాలేదు.
– విద్యార్థి, మధురవాడ

జవాబు: పైన చెప్పిన పట్టికలో ఉన్న లోటే ఇది. ప్రతి హల్లు ముందూ విరవొచ్చన్న నియమం 'ర్' అనే పొల్లు హల్లుకూ వర్తిస్తుంది. పలకడానికి అచ్చు తోడులేని ముక్క కాబట్టి అది లైను మొదట్లో ఒంటరిగా ఉండకూడదు. కానీ పట్టికకు అది మాట చివరిదని తెలియదు. మాస్టర్, బ్యాంక్, సర్టిఫికెట్, స్టేషన్ లాంటి ఇంగ్లిష్ మాటలు ఎక్కువగా ఉన్న పేజీల్లో ఈ బెడద ఎక్కువ.

హైఫనేట్-లిమిట్-చార్స్ అనే ప్రాపర్టీకి 8, 3, 3 అని మూడు అంకెలు ఇవ్వండి. మొదటిది విరవడానికి మాటలో ఉండాల్సిన కనీస పొడవు, రెండోది గీతకు ముందు, మూడోది గీత తర్వాత మిగలాల్సినవి. క్రోమ్ 109 నుంచి ఇది ఉంది. తెలియని బ్రౌజర్ దీన్ని పట్టించుకోకుండా వదిలేస్తుంది, నష్టమేమీ లేదు. ఒక్క సంగతి గమనించండి: ఇక్కడి లెక్క మన అక్షరాల లెక్క కాదు. 'లక్ష్మీ'లోని 'క్ష్మీ' మనకు ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు గుర్తులు. 'ర్' రెండు గుర్తులు కాబట్టి 3 అని పెడితే ఒంటరిగా దిగదు. 'వ', 'వి' లాంటివి లైను చివర ఒంటిగా మిగలడం కూడా ఆగుతుంది. మొదటి అంకెను 10కి పెంచి చూడండి, చిన్న చిన్న మాటలు విరక్కుండా పేజీ ఇంకా కుదురుగా కనిపిస్తుంది.

ఇంకొకటి. స్టీల్‌ప్లాంట్, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనబడని నాన్-జాయినర్ గుర్తు ఉంటుంది. అది లేకపోతే 'ల్ప్లా' అని ఒత్తుగా ముద్దకట్టేస్తుంది. నమూనాలు ఆ గుర్తు తర్వాత విరుపును అనుమతిస్తాయి, కాబట్టి స్టీల్‌-ప్లాంట్ అని సరైన చోటే విరుగుతుంది. గుర్తు లేకుండా రాసిన మాట అక్కడ విరగదు సరికదా, చదవడానికీ ఇబ్బంది. వర్డ్‌లో దాన్ని చేర్చాలంటే 200సీ అని ఇంగ్లిష్‌లో కొట్టి, వెంటనే ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కాలి.

ప్రశ్న: 'వరాహలక్ష్మీనృసింహస్వామివారి' అన్నది మా పేజీలో చాలాసార్లు వస్తుంది. ఆటో దాన్ని 'నృసిం' దగ్గరో 'వరాహల' దగ్గరో విరుస్తోంది. అర్థానికి తగ్గట్టు విరవడం కుదరదా?
– పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: కుదురుతుంది. ఆటోకు అక్షరాలే తెలుసు, సమాసం తెలియదు. ఈ పన్నెండక్షరాల మాటలో పట్టిక ప్రకారం పదకొండు చోట్ల విరవొచ్చు. వాటిలో మనకు నచ్చేవి మూడే: వరాహ తర్వాత, లక్ష్మీ తర్వాత, నృసింహ తర్వాత. ఆ మూడు చోట్లా సాఫ్ట్ హైఫన్ పెట్టండి. హెచ్‌టీఎంఎల్‌లో ఆంపర్సాండ్, ఎస్, హెచ్, వై, సెమీకోలన్ వరసగా కొడితే అది పడుతుంది. యూనికోడ్ సంఖ్య 00ఏడీ. మాట లైనులో పట్టినంతకాలం కనిపించదు, విరవాల్సి వచ్చినప్పుడే గీతగా బయటపడుతుంది.

మాటలో సాఫ్ట్ హైఫన్ ఉందంటే, హైఫన్స్ ఆటో ఉన్నా ఆ మాటవరకు మీరు చెప్పిన చోట్లకే ప్రాధాన్యం అని సీఎస్‌ఎస్ నియమాల్లోనే ఉంది. కాబట్టి రెండూ కలిపి వాడొచ్చు: మామూలు మాటలు ఆటోకు వదిలేసి, విశ్వకళాపరిషత్తు లాంటి సమాసాలకు చేత్తో పెట్టుకోవాలి. ఒత్తు మధ్యలో, అంటే పొల్లుకూ దాని తర్వాతి హల్లుకూ నడుమ ఎప్పుడూ పెట్టకండి, ఒత్తు విడిపోతుంది.

దీనికి ఖర్చు ఒకటుంది. ఆటో పెట్టిన గీత తెరమీదే ఉంటుంది, టెక్స్ట్‌లో చేరదు. ఎవరైనా కాపీ చేసుకుంటే మాట శుభ్రంగా వస్తుంది. సాఫ్ట్ హైఫన్ మాత్రం టెక్స్ట్‌లో నిజంగా ఉన్న గుర్తు, కాపీతో పాటు వెళ్తుంది. మీ సైట్ సెర్చ్ బాక్సు దాన్ని వేరే అక్షరంగా లెక్కేస్తే స్వామివారి పేరు కొట్టినా ఫలితం రాదు. అందుకే పేజీ టైటిల్లో, లింకుల్లో, బొమ్మల వివరణల్లో, డేటాబేస్‌లో దాచే పేర్లలో అది ఉండకూడదు. పేజీ చూపించేటప్పుడు టెంప్లేట్‌లో చేర్చడమే మేలైన దారి.

ప్రశ్న: పాత పేజ్‌మేకర్ ఫైళ్లలోని వ్యాసాలను వెబ్‌లో పెడుతున్నాం. యూనికోడ్‌లోకి మార్చాక లైన్ల మధ్యలో 'విశా-ఖపట్నం', 'ఉద్యో-గులు' అని గీతలు మిగిలిపోతున్నాయి.
– డీటీపీ ఆపరేటర్, అల్లిపురం

జవాబు: అవి అప్పట్లో ఆ కాలమ్ వెడల్పుకు తగ్గట్టు చేత్తో కొట్టిన మామూలు హైఫన్లు. కాలమ్ మారినా అవి కదలవు. ఆటో హైఫనేషన్ పెట్టే ముందే ఏరెయ్యాలి.

ముందు ఫైలుకు ఒక కాపీ తీసి పెట్టుకోండి. కన్వర్ట్ చేసిన టెక్స్ట్‌ను వర్డ్‌లో తెరిచి, రీప్లేస్ బాక్సులో మోర్ నొక్కితే స్పెషల్ అనే జాబితా వస్తుంది. పేరాల మధ్య ఖాళీ లైను ఉంటే మొదట రెండు పారాగ్రాఫ్ మార్కుల జంటను ఎక్కడా వాడని గుర్తుతో, మూడు హ్యాష్‌లతో అనుకోండి, మార్చండి. లేకపోతే తర్వాతి అడుగులో పేరాలన్నీ కలిసి ఒక్క ముద్దైపోతాయి. ఇప్పుడు హైఫన్, దాని వెంటనే పారాగ్రాఫ్ మార్క్ ఉన్నచోట ఏమీ లేకుండా చెయ్యండి. మాట అతుక్కుంటుంది. ఆ తర్వాత మిగిలిన ఒంటి పారాగ్రాఫ్ మార్కుల్ని స్పేస్‌గా మార్చండి. చివరికి మూడు హ్యాష్‌లను మళ్లీ పారాగ్రాఫ్ మార్క్ చెయ్యండి. ఈ వరస తప్పకూడదు. స్పేస్ ముందు చేస్తే 'విశా- ఖపట్నం' అని చెడుతుంది.

మీరు రాసినట్టు లైను మధ్యలోకే వచ్చేసిన గీతలకు రీప్లేస్ ఆల్ వాడకండి. విశాఖ-అరకు రైలు, 2024-25 లాంటి చోట్ల గీత ఉండాల్సిందే. ఫైండ్ నెక్స్ట్‌తో ఒక్కొక్కటీ చూసి తీయడం తప్పదు. అదే జాబితాలో ఆప్షనల్ హైఫన్ అని ఉంటుంది, దాన్ని మాత్రం నిశ్చింతగా ఒక్క దెబ్బకు తీసెయ్యొచ్చు. కన్వర్టర్లు నాన్-జాయినర్ గుర్తును వదిలేసి ఉండొచ్చు, ఇంగ్లిష్ మాటల మీద ఒకసారి కన్నెయ్యండి.

ప్రశ్న: శీర్షికలు, ఫోన్ నంబర్లు, ఈమెయిల్ అడ్రసులు కూడా విరుగుతున్నాయి.
– పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: హైఫన్స్ ఆటోను బాడీ మొత్తానికి ఇచ్చి ఉంటారు. పేరాలకూ జాబితా అంశాలకూ మాత్రమే ఇవ్వండి. శీర్షికలకు మాన్యువల్ ఉంచితే మీరు సాఫ్ట్ హైఫన్ పెట్టినచోటే విరుగుతాయి. ఈమెయిల్, వెబ్ అడ్రసులకు హైఫన్స్ నన్ ఇచ్చి, ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కు ఎనీవేర్ ఇవ్వండి. అడ్రసు మధ్యలో గీత పడితే జనం దాన్ని కూడా కలిపి టైపు చేస్తారు. ఫోన్ నంబర్‌కు వైట్-స్పేస్ నోర్యాప్ చాలు.

ప్రశ్న: మా హోటల్ ధరల పట్టికలో మొదటి కాలమ్ ఫోన్లో సగం తెర తినేస్తోంది. బ్రేక్-వర్డ్ పెట్టినా తగ్గలేదు.
– భీమిలి

జవాబు: పట్టిక కాలమ్ కనీస వెడల్పు అందులోని విరగని పొడుగు మాటను బట్టి తేలుతుంది. బ్రేక్-వర్డ్ ఆ లెక్కలోకి రాదు, ఎనీవేర్ వస్తుంది. అయితే ఎనీవేర్ ఒక్కటే ఇస్తే కాలమ్ ఒక్క అక్షరం వెడల్పుకు నలిగిపోవచ్చు. దానితో పాటు మొదటి కాలమ్‌కు 7 ఈఎమ్‌ల (ఈఎమ్ అంటే అక్కడి అక్షర పరిమాణమంత) కనీస వెడల్పు ఇచ్చి, హైఫన్స్ ఆటో ఉంచండి.

ప్రశ్న: ఆండ్రాయిడ్‌లో బాగానే విరుగుతున్నాయి. ఐఫోన్ ఉన్నవాళ్లకు సరిగా వస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి?
– వెబ్ డిజైనర్, అక్కయ్యపాలెం

జవాబు: సఫారీ నమూనాలు తనవి కావు, ఆపరేటింగ్ సిస్టమ్‌వి. ఏ ఫోన్లో ఏ భాషకు ఉన్నాయన్నది ఆ ఫోన్‌ను బట్టి ఉంటుంది. సపోర్ట్స్ రూల్‌తో అడిగితే ప్రాపర్టీ తెలుసో లేదో చెబుతుంది గానీ తెలుగు నమూనాలున్నాయో లేదో చెప్పదు. అందుకని కొలిచి చూడాలి. 6 ఈఎమ్‌ల వెడల్పుతో ఒక డివ్ (పేజీలో ఒక డబ్బా) పెట్టి, ల్యాంగ్ తెలుగు, హైఫన్స్ ఆటో ఇచ్చి, ఓవర్‌ఫ్లో-ర్యాప్ నార్మల్‌గా ఉంచి, పై జవాబులోని స్వామివారి పేరును సాఫ్ట్ హైఫన్లు లేకుండా రాయండి. డివ్ ఎత్తు ఒక్క లైనంతే ఉంటే నమూనాలు లేనట్టు. 17కు ముందు సఫారీ వెర్షన్లకు ప్రాపర్టీ పేరు ముందు వెబ్‌కిట్ ప్రిఫిక్స్ కూడా కావాలి, రెండు రూపాలూ రాయండి.

నమూనాలు లేని ఫోన్లకు కూడా విరుపు కావాలంటే హైఫనోపొలి అనే ఉచిత జావాస్క్రిప్ట్ లైబ్రరీలో తెలుగు ఉంది. బ్రౌజర్‌కు చేతనైతే తాను పక్కన ఉంటుంది, లేనిచోటే తెలుగు ఫైలు దించుకుని మాటల్లో సాఫ్ట్ హైఫన్లు చేరుస్తుంది. కాపీ చేసేటప్పుడు వాటిని తీసేసే ఏర్పాటూ అందులో ఉంది, దాన్ని ఆపకండి. పరీక్షకు పెట్టే మాట పొడుగైనది ఇవ్వండి. చిన్న మాట ఇస్తే లిమిట్-చార్స్ అంకెలు అడ్డుపడి, నమూనాలున్న ఫోన్లో కూడా లేవని తేలుతుంది.